శాలువాల కింద గిటారు

బడ్డీ గై, అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతంలో పేరుమోసిన గిటారిస్టు, గాయకుడు. ఆయన కొత్త ఆల్బమ్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా బావతో మూడు రోజులు వాట్సాప్‌లో వాదించుకున్నాక, అతనికి వాయిస్ మెసేజీలు పంపడం కంటే ఇక్కడ రాసుకోవడమే నయమనిపించింది.

బావ ఉండేది నేపర్‌విల్‌లో, షికాగో పక్కన. వెళ్లి పన్నెండేళ్లు. అరోరా బాలాజీ గుడికి దారి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అదే షికాగోలో, సౌత్ వాబాష్ వీధిలో, బడ్డీ గైకి సొంత క్లబ్బుంది. పేరు లెజెండ్స్, 1989లో తెరిచాడు. జనవరి వచ్చిందంటే, ముక్కు ఊడిపోయే ఆ చలిలో, స్వయంగా ఆయనే అక్కడ వాయించడం ఏళ్ల తరబడి ఆనవాయితీ. బావ ఆ గడప తొక్కలేదు. నేనేమో హైదరాబాద్‌లో కూర్చుని ఇరవై ఏళ్లుగా ఆ గిటారు వింటూ, ఒక్కసారైనా ఎదురుగా చూడాలని కొట్టుకుంటున్నాను. ముంబైలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ మొదలైన 2011లోనే ఆయన వచ్చాడు. అప్పుడు నాకా సంగతే తెలియదు. 2023లో మళ్లీ వస్తున్నాడని తెలిసి టికెట్టు కొన్నాను. ఆ వారం ఆఫీసులో సెలవివ్వలేదు. టికెట్టు పీడీఎఫ్ ఇంకా మెయిల్లోనే ఉంది, తీసెయ్యబుద్ధి కాదు.

2025లో ‘సిన్నర్స్’ సినిమా వచ్చింది. చివర్లో ముసలి గాయకుడిగా కనిపించేది బడ్డీ గైయే. బావ థియేటర్ నుంచి బయటికొస్తూనే ఫోన్ చేశాడు, “ఎవర్రా ఈ తాత?” అని. అదే ఏడాది జూలై 30న, సరిగ్గా తన 89వ పుట్టినరోజున, ఆ తాత ‘ఎయింట్ డన్ విత్ ద బ్లూస్’ విడుదల చేశాడు. బ్లూస్‌తో నా పని ఇంకా అయిపోలేదు, అని. పద్దెనిమిది పాటలు. బావకి తెగ నచ్చింది. నాకు కొన్ని చోట్ల ఒళ్లు జలదరించింది, చాలా చోట్ల ఒళ్లు మండింది. గొడవ అక్కడ.

ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు ఒక సన్మాన సభ గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు, కోస్తాలో ఒక ఊళ్లో, ఎనభై దాటిన నాదస్వరం విద్వాంసుడికి సన్మానం చేశారు. మా అమ్మ వీణ నేర్పుతుంది కాబట్టి మాకు పిలుపొచ్చింది. సభ ఆరింటికన్నారు, ముఖ్య అతిథి ఏడున్నరకి వచ్చాడు. తర్వాత వరసగా ఉపన్యాసాలు. ఒక్కొక్కరూ ఆయన ఎంత గొప్పవాడో చెప్పి, ఆయనతో తమకున్న పరిచయం ఇంకెంత గొప్పదో చెప్పి, శాలువా కప్పి, ఫొటోకి నవ్వి దిగిపోయారు. వేసవికాలం. ఆ పెద్దాయన శాలువాల గుట్ట కింద చెమటలు కక్కుతూ చేతులు జోడించి కూర్చున్నాడు. ఆయన వాయించే వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర. హాలు వాచ్‌మన్ తలుపు దగ్గర తాళం చెవుల గుత్తి ఆడిస్తున్నాడు. నాలుగంటే నాలుగు నిమిషాలు వాయించాడు. ఆ నాలుగు నిమిషాలు నాకింకా గుర్తున్నాయి. ఉపన్యాసాల్లో ఒక్క వాక్యం గుర్తులేదు.

ఈ ఆల్బమ్ నాకు ఆ సభలా వినిపించింది.

మొదటి పాట ‘హుకర్ థింగ్’. రెండు నిమిషాలైనా లేని చిన్న ముక్క. ఆయనా, గిటారూ, అంతే. పేరులోనే ఉంది, పాతతరం బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్‌ని తలుచుకుంటూ వాయించింది. లూసియానాలో లెట్స్‌వర్త్ అనే పల్లెలో, పత్తి కౌలుదారుల ఇంట్లో, బడ్డీ గై 1936లో పుట్టాడు. దోమలు రాకుండా కిటికీకి కట్టిన జాలీలోంచి తీగలు పీకి, చెక్కకి బిగించి రెండు తీగల వాయిద్యం చేసుకున్నాడు. దోమలెలా వస్తున్నాయో వాళ్లమ్మకి అంతుపట్టేది కాదట. ఆ పిల్లాడు మొట్టమొదట నేర్చుకున్న పాట హుకర్‌ది, 1948లో రికార్డయిన ‘బూగీ చిలెన్’. అంటే మొదటి ట్రాకుతోనే మనిషి 89 ఏళ్ల వయసులో మళ్లీ అక్కడికే వెళ్లి కూర్చున్నాడు. ఇంకేం, ఇవాళ పండగే అనుకున్నాను.

తర్వాత బ్యాండు వచ్చేసింది. తళతళలాడే డ్రమ్స్, ఎక్కడికక్కడ అమర్చిన కీబోర్డు, కొన్ని పాటలకి ఒక్కో చుట్టం. కింగ్‌ఫిష్ ఇంగ్రమ్, ఈగిల్స్ బ్యాండు జో వాల్ష్, జో బోనమాసా, పీటర్ ఫ్రాంప్టన్, చర్చి పాటల బృందం బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా. నిర్మాత టామ్ హ్యామ్‌బ్రిడ్జ్. 2008 నాటి ‘స్కిన్ డీప్’ నుంచి బడ్డీ గై ఆల్బమ్‌లు వరసగా ఆయన చేతిమీదే వస్తున్నాయి. డ్రమ్స్ ఆయనే వాయిస్తాడు, పాటల్లో చాలావాటికి ఆయన చెయ్యి ఉంటుంది. పని తెలిసినవాడు, అందులో అనుమానం లేదు. ఏ పాటలోనూ ఒక్క చప్పుడు ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. నా బాధల్లా అదే.

ఎందుకంటే బడ్డీ గై అంటేనే ఎక్కువైన చప్పుడు. 1957 సెప్టెంబరులో ఆయన షికాగో చేరేనాటికి అక్కడ మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్ లాంటి మహామహులు కుర్చీల్లో కూర్చుని హుందాగా వాయిస్తున్నారు. ఈ కుర్రాడు వంద అడుగులు దాటిన వైరు తగిలించుకుని క్లబ్బు బయటి నుంచి, మంచులోంచి వాయించుకుంటూ లోపలికొచ్చేవాడు. ఆ విద్య లూసియానాలో గిటార్ స్లిమ్ దగ్గర చూసి పట్టుకొచ్చింది. ఆంప్లిఫయర్ అరిచే అరుపుని, తీగ కీచుమనే చప్పుడుని తుడిచెయ్యకుండా పాటలోనే కలిపేసేవాడు. చెస్ రికార్డ్స్ అధిపతి లెనర్డ్ చెస్‌కి అది గోల. స్టూడియోలో అలా వాయించనివ్వలేదు. మిగతా గాయకుల వెనక బుద్ధిగా వాయించడానికి పిలిచేవాడు, సొంత పాటలు రికార్డు చేస్తే గోల కత్తిరించేవాడు. ఇంటి ఖర్చుల కోసం బడ్డీ గై పగలు చెడిపోయిన కార్లు లాక్కెళ్లే ట్రక్కు నడిపాడు. ఈలోగా 1965లో లండన్ వెళ్లి ముగ్గురే ఉన్న బ్యాండుతో వాయిస్తే, అక్కడ చూసిన ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌కి మతిపోయింది. ముగ్గురితోనే నడిచిన తన క్రీమ్ బ్యాండు ఊహ ఆయన్ని చూశాకే వచ్చిందని క్లాప్టన్ తర్వాత చెప్పుకున్నాడు. రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ న్యూయార్క్‌లో బడ్డీ గై వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని విన్నాడు. వాళ్ల రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాక లెనర్డ్ చెస్ ఈయన్ని ఆఫీసుకి పిలిపించి, వంగి నిలబడి, “నన్నో తన్ను తన్ను, నువ్వు ఇన్నాళ్లూ ఇస్తానంటే వద్దన్నది ఇదే” అన్నాడని బడ్డీ గై ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తన్నాడో లేదో నాకు తెలియదు. నేనైతే తన్నేవాణ్ణి.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అదే 1965లో హార్మోనికా వాయించే జూనియర్ వెల్స్‌తో ‘హూడూ మ్యాన్ బ్లూస్’ రికార్డు చేస్తుండగా ఆంప్లిఫయర్ చెడిపోయింది. ఇంజనీరు గిటారుని తీసుకెళ్లి హామండ్ ఆర్గన్‌కుండే తిరిగే స్పీకరుకి తగిలించాడు. ఆ ఆల్బమ్‌లో కొన్ని పాటల్లో గిటారు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపించేది అందుకే. చెస్‌తో ఒప్పందం అడ్డొస్తుందేమోనని అట్ట మీద ఈయన పేరు ‘ఫ్రెండ్లీ చాప్’ అని వేశారు. పేరులేని మనిషి, చెడిపోయిన పెట్టె. బ్లూస్‌లో అంతకంటే మంచి ఆల్బమ్ చూపించమనండి.

మా అమ్మకి ఇంగ్లీషు పాటలంటే పడదు. కాలేజీ రోజుల్లో నేను 1961 నాటి ‘స్టోన్ క్రేజీ’ పదే పదే పెడుతుంటే వంటింట్లోంచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నిలబడి వింది. “శ్రుతి తప్పాడనుకున్నానురా మొదట. కాదు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో కావాలనే కూర్చున్నాడు. అక్కడ కూర్చోడానికి గుండె కావాలి” అంది. తర్వాత పుస్తకాల్లో చదివాను, బ్లూ నోట్ అంటే సరిగ్గా అదేనని. వీణలో మెట్టు మీద తీగని పక్కకి లాగి పై స్వరాన్ని అందుకున్నట్టే గిటారులోనూ తీగ లాగుతారు. తేడా ఎక్కడంటే, మన దగ్గర ఎక్కడిదాకా లాగాలో రాగం చెప్తుంది. బడ్డీ గై తీగ లాగుతుంటే ఎక్కడ ఆగుతాడో ఆయనకైనా ముందు తెలుసా అని నాకు అనుమానం. ఆ అనుమానమే నన్ను కట్టిపడేసింది. ఈ కొత్త ఆల్బమ్‌లో చాలా పాటల్లో ఎక్కడ ఆగుతాడో నాక్కూడా తెలిసిపోతోంది.

బావ వాదన వినండి. “ఒరేయ్, ఆయనకి 89. నీకు 44కే మెట్లెక్కితే ఆయాసం. ఆ వయసులో ఆ గొంతు వినిపించడమే గొప్ప. ఇంకేం కావాలి నీకు?”

ఈ మాట చాలామంది అంటారు, మర్యాదగానే అంటారు. నేను ఒప్పుకోను. వయసు చూసి మార్కులు వేయడమంటే ఆయన్ని వాయిద్యకారుల జాబితాలోంచి తీసి దర్శనీయ స్థలాల జాబితాలో వేయడమే. పైగా ఆ గొంతు నిజంగా బాగుంది. పై స్థాయిలో ఇప్పటికీ గాజు మీద గోరు గీసినట్టు పలుకుతుంది. గొంతు ఓపిక తగ్గి సాయం తెచ్చుకుంటే నేను నోరెత్తను. దమ్మున్న మనిషికి చేతికర్రలు ఇచ్చారనే నా ఫిర్యాదు.

వయసు గురించే అయితే 2001లో వచ్చిన ‘స్వీట్ టీ’ విను అన్నాను బావతో. మిసిసిపీలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, అక్కడి కొండప్రాంతం వాళ్ల మొరటు పాటలు, పాత ఆంప్లిఫయర్లతో చేశారు. మొదటి పాట జూనియర్ కింబ్రోది. ముసలివాణ్ణయిపోయాను, ఇదివరకులా ఏదీ చేతకావట్లేదు అని పాడతాడు, ఒక్క గిటారుతో. అప్పటికి ఆయనకి 64. ఆ వెంటనే రెండో పాటలో గోడలు కూలేంత శబ్దం. ముసలితనం గురించి పాడమంటే అలా పాడినవాడు, ఈ ఆల్బమ్‌లో ‘ఇట్ కీప్స్ మీ యంగ్’ అని పాడుతున్నాడు. ఇది నన్ను పడుచుగా ఉంచుతోంది, అని. నమ్మాలని ఉంది, కానీ పుట్టినరోజు కేకు మీద రాసిన మాటలా ఉంది. అయితే ఇదే పాటలో రెండో గిటారు పీటర్ ఫ్రాంప్టన్‌ది. ఆయనకి కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బుంది, 2019లో తనే బయటపెట్టాడు. వేళ్లు ఎప్పటిదాకా మాట వింటాయో తెలియని మనిషి ఈ పాటలో వాయిస్తున్నాడని గుర్తొచ్చాక, రెండోసారి విన్నప్పుడు నా వెటకారం నాకే నచ్చలేదు. ఈ పాటని వదిలేస్తున్నాను.

నా రెండో గొడవ పాటల పేర్లతో. ‘బ్లూస్ చేజ్ ద బ్లూస్ అవే’, ‘బ్లూస్ ఆన్ టాప్’, ‘హౌ బ్లూస్ ఈజ్ దట్’. దీనికి ముందొచ్చిన ఆల్బమ్‌లు చూస్తే 2018లో ‘ద బ్లూస్ ఈజ్ అలైవ్ అండ్ వెల్’, 2022లో ‘ద బ్లూస్ డోంట్ లై’. ఇదంతా బ్లూస్ గురించిన బ్లూస్. మన దగ్గర కూడా ఒక దశ దాటాక కవులు కవిత్వం మీదే కవిత్వం రాస్తుంటారు చూడండి, అలాంటిది. పాత బ్లూస్ పాటలు బ్లూస్ గురించి కావు. అద్దె కట్టలేకపోవడం గురించి, వరదల గురించి, రైలెక్కి వెళ్లిపోయిన ఆడమనిషి గురించి, తాగి కొట్టుకున్న శనివారం రాత్రి గురించి. ఈ ఆల్బమ్‌లోనే చివరి పాట ‘టాక్ టు యువర్ డాటర్’ వినండి, జె. బి. లెన్వార్ పాత పాట. అమ్మా, మీ అమ్మాయికి నా తరఫున కాస్త నచ్చజెప్పవా అని ఆ పిల్ల తల్లినే బతిమాలుకోవడం. ఎంత హాయిగా ఉంది!

బావ ఊరుకోడు కదా, గూగుల్ చేసి పట్టుకొచ్చాడు. “మరి 1960లో చెస్‌లో ఆయన పాడిన పాటే ‘ఫస్ట్ టైమ్ ఐ మెట్ ద బ్లూస్’. అదేంటి, బ్లూస్ గురించి కాదా?” అని.

దెబ్బ తగిలింది. కానీ ఆ పాట మళ్లీ పెట్టుకుని విన్నాను. అందులో బ్లూస్ అడవిలో ఎదురైన మనిషి. వెంటపడుతుంది, చెట్టు చెట్టుకీ తరుముతుంది. పాడేవాడు ప్రాణభయంతో కేక పెడుతున్నాడు, గిటారు ఆ కేక కంటే ముందు పరిగెడుతోంది. అప్పుడతనికి 23 ఏళ్లు. దయ్యానికి భయపడి అరవడానికీ, దయ్యం పేరు చొక్కా మీద అచ్చు వేయించుకోవడానికీ ఎంత దూరమో ఆ పాటకీ ఈ పాటలకీ అంత దూరం.

ఇంత అన్నాక ఒకటి ఒప్పుకోవాలి. ఆయన బ్లూస్ పేరు అలా జపం చేయడానికి కారణం ఉంది. మడ్డీ వాటర్స్ 1983లో పోయాడు. పోయేముందు, దీన్ని చావనివ్వకు అన్నాడని బడ్డీ గై చెప్తూంటాడు. బి. బి. కింగ్ 2015లో పోయాడు. తనతో పాటు స్టేజీ ఎక్కినవాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఇచ్చిన మాట అంటే ఆయనకి ఎంత పట్టింపో ఆ చుక్కల గిటారు చూస్తే తెలుస్తుంది. పక్షవాతంతో మంచంపట్టిన అమ్మకి, షికాగో వెళ్లి సంపాదించి చుక్కల కాడిలాక్ కారులో తిరిగొస్తానని అబద్ధం చెప్పి బయల్దేరాడు. కారు రాకముందే 1968లో ఆవిడ పోయింది. నల్లటి గిటారు మీద తెల్ల చుక్కలు ఆ బాకీ గుర్తు. అమ్మకి చెప్పిన అబద్ధాన్ని ఇన్నేళ్లు మెడలో వేసుకు తిరిగినవాడు, మడ్డీకిచ్చిన మాటని ప్రతి ఆల్బమ్ అట్ట మీదా రాసుకోకుండా ఎలా ఉంటాడు? అర్థం చేసుకోగలను. అర్థమైనంత మాత్రాన పాట బాగుపడదు, అంతే.

ఇక చుట్టాల సంగతి. అందరూ ఒకటి కాదు. జో వాల్ష్, బోనమాసా వాయించినవి వింటే ఇద్దరూ ఆయన మీద ప్రేమతో వచ్చారని తెలుస్తుంది. వచ్చి, శాలువా కప్పి, తమ సోలో తాము వాయించి వెళ్లారు. ఆ సమయంలో బడ్డీ గై ఏం చేస్తున్నాడు? చేతులు జోడించి కూర్చున్నట్టే ఉంది నాకు. కింగ్‌ఫిష్ లెక్క వేరు. అతను మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ కుర్రాడు, 1999లో పుట్టాడు. 2019లో అతని మొదటి ఆల్బమ్‌లో బడ్డీ గై వచ్చి ఒక పాట పాడి వెళ్లాడు. ఈ ఆల్బమ్‌లో ఇద్దరూ కలిసి చేసిన ‘వేర్ యూ ఎట్’ ఆ పాటకి జవాబులాంటిది. ఇద్దరి మధ్యా 62 ఏళ్ల తేడా. కుర్రాడు వేగంగా వెళ్తుంటే పెద్దాయన రెండే రెండు స్వరాలు వేసి అడ్డం నిలబడతాడు. వాళ్లు ఒకరికొకరు సన్మానం చేసుకోవట్లేదు, తగువాడుతున్నారు. అతిథుల్ని పిలిస్తే ఇలా పిలవాలి. బ్లైండ్ బాయ్స్‌తో పాడినదీ అంతే. ఆ గొంతుల మధ్య ఈయన గొంతు ఆదివారం చర్చిలో ఎవరో పెదనాన్న గొంతులా కలిసిపోయింది, ఎవరూ ఎవర్నీ పొగడలేదు.

పదమూడో పాట దగ్గర మళ్లీ నా ప్రాణం లేచొచ్చింది. ‘వన్ ఫ్రమ్ లైట్‌నిన్’. టెక్సస్ బ్లూస్ గాయకుడు లైట్‌నిన్ హాప్కిన్స్‌ని తలుచుకుంటూ వేసిన చిన్న ముక్క. నాదస్వరం తాత నాలుగు నిమిషాల్లాంటిదే ఇదీ. అయిపోగానే తర్వాతి పాట ఎక్కడ మొదలవుతుందోనని ఆపేశాను.

ఇలాంటివి పన్నెండు ఎందుకు లేవు? చెయ్యలేడా అంటే, చేశాడని చరిత్రే చెప్తోంది. 1963లో మడ్డీ వాటర్స్ ‘ఫోక్ సింగర్’ ఆల్బమ్‌కి పక్కన వాయించడానికి పల్లెటూరి పాత పద్ధతి తెలిసిన ముసలివాణ్ణెవరినైనా తెమ్మంటే, మడ్డీ ఈ 27 ఏళ్ల గోల పిల్లాణ్ణి తీసుకొచ్చాడు. ఆంప్లిఫయర్ లేదు, వట్టి చెక్క గిటారు. ఆ రికార్డు ఇవాళ్టికీ స్పీకర్లు కొనేవాళ్లు పరీక్షకి పెట్టుకుని వింటారు, రెండు గిటార్ల మధ్య ఉన్న గాలి కూడా వినిపిస్తుందని. అప్పుడు కుర్రాడిగా ముసలివాడిలా వాయించాడు. ఇప్పుడు నిజంగానే ముసలివాడయ్యాడు, ఒక గిటారు, ఒక కుర్చీ, ఒక మైకు ఇచ్చి తలుపేసి బయటికొచ్చేస్తే సరిపోయేది. అరవై ఏళ్ల కిందట గోల అని భయపడి మూత పెట్టారు, ఇవాళ గౌరవంతో పెట్టారు. మొదటి మూతని తన్ని తీయొచ్చు. రెండోదాన్ని ఎలా తన్నడం? దండం పెడుతూ పెట్టారాయె.

ఈ మాట పంపితే బావ రెండు గంటలు జవాబివ్వలేదు. తర్వాత రాశాడు: “నువ్వు ఒంటరిగా హెడ్‌ఫోన్సులో వింటావు. నేను కారులో పిల్లలతో వింటాను. ‘హౌ బ్లూస్ ఈజ్ దట్’ వస్తే మా చిన్నది వెనక సీట్లో ఎగురుతుంది. నీ ‘హుకర్ థింగ్’ పెడితే ‘డాడీ, పాట ఎప్పుడు మొదలవుతుంది?’ అంటుంది.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లకి ఏడేళ్లు. బహుశా ఆ గంతులోంచే పదేళ్ల తర్వాత ‘స్టోన్ క్రేజీ’ దాకా వస్తుందేమో. నేనూ మొదట క్లాప్టన్ విని, ఆ వేలు పట్టుకునే కదా ఈయన దగ్గరికి చేరింది.

అయినా నా పంతం నాది. పద్దెనిమిదిలోంచి ఆరు ఏరాను. హుకర్, లైట్‌నిన్ ముక్కలు రెండూ, కింగ్‌ఫిష్ తగువు, బ్లైండ్ బాయ్స్ పాట, పిల్ల తల్లిని బతిమాలేది, ఫ్రాంప్టన్ కోసం ఆ కేకు పాట. వరస మార్చి ప్లేలిస్టు చేసి, “ఇదీ ఆల్బమ్” అని బావకి పంపాను.

“సరే, మిగతా పన్నెండూ నాకొదిలెయ్” అన్నాడు. కాసేపాగి ఇంకో మెసేజీ పెట్టాడు. లెజెండ్స్‌లో జనవరి టికెట్లు ఎలా కొనాలో చూసిపెట్టమని.